జడ్జిగారి మాట, స్టెనో గీత

సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు విని, చాలా కోర్టుల్లో దాన్ని ఇంగ్లీషు వాక్యంగా కూర్చి డిక్టేట్ చేస్తారు. అమెరికాలో కోర్టు రిపోర్టర్ ప్రతి ప్రశ్ననూ, ప్రతి జవాబునూ చిన్న మెషీన్ మీద ఉన్నదున్నట్టు కొడతారు. మన దగ్గర వాంగ్మూలం ఎక్కువగా కథనంలా సాగుతుంది కాబట్టి డిక్టేషన్‌దే పెత్తనం. ఈమధ్య చాలాచోట్ల వాంగ్మూలాన్ని నేరుగా కంప్యూటర్‌లోనే టైపు చేస్తున్నారు. తీర్పులు, ఆర్డర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్టెనో నోట్‌బుక్ తెరవాల్సిందే. అప్పీలు వినే హైకోర్టు చూసేది ఆ కాగితాలనే. ఈ పనిని మామూలు గుమాస్తాగిరీగా తీసిపారేస్తే నాకు మనసొప్పదు.

స్టెనో రాసే ఈ షార్ట్‌హ్యాండ్ పద్ధతిని 1837లో ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ ప్రచురించాడు. ఇందులో స్పెల్లింగుతో పనిలేదు, చెవిన పడ్డ ధ్వనికే గీత. ‘ప’కూ ‘బ’కూ గీత ఒకటే: తేలిగ్గా గీస్తే ‘ప’, ఒత్తి గీస్తే ‘బ’. ‘ట’, ‘డ’లదీ అదే వరస. అచ్చులకు చుక్కలు, చిన్న గీతలు ఉన్నాయి కానీ వేగంలో వాటిని పెట్టే తీరిక ఉండదు. అందుకని గీత ఎక్కడ పడిందన్నదే అచ్చును పట్టిస్తుంది. లైనుకు పైన, లైను మీద, లైనును కోస్తూ. గీత సగానికి తగ్గితే చివర ‘ట’ గానీ ‘డ’ గానీ చేరినట్టు. పిటిషన్, ప్రాసిక్యూషన్, ఎగ్జిక్యూషన్ అంటూ కోర్టు ఇంగ్లీషు నిండా ‘షన్’లే, వాటికి ఓ చిన్న కొక్కెం చాలు.

గీతలు నేర్వడం సులువైన భాగం. నిమిషానికి 80 మాటల లోయర్ పరీక్ష నుంచి 120 మాటల హయ్యర్‌కు వెళ్లేటప్పుడే చాలామంది ఆగిపోతారు. 120 అంటే సెకనుకు రెండు మాటలు. ఒక మాట దగ్గర చెయ్యి తడబడితే వాక్యం దాటిపోతుంది. ఆరితేరిన స్టెనో జడ్జిగారి కంటే నాలుగైదు మాటలు వెనకే రాస్తారు. ఆ నాలుగైదూ జ్ఞాపకంలో నిలుపుకొని, చెవిని మాత్రం ముందుకు పంపుతారు. ఆనక ఆ గీతల్ని తప్పుల్లేని ఇంగ్లీషులో టైపు చేయాలి. వ్యాకరణం రాకపోతే ఎంత వేగమున్నా దండగే.

జిల్లా కోర్టులో గ్రేడ్-3 స్టెనోగ్రాఫర్ కావాలంటే డిగ్రీ, ఇంగ్లీషు షార్ట్‌హ్యాండ్, టైపు హయ్యర్ పరీక్షలు పాసై ఉండాలి. టైపు హయ్యర్‌కు నిమిషానికి 45 మాటలు. ఆపైన స్కిల్ టెస్ట్. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి నోటిఫికేషన్‌లో స్కేలు 34,580–1,07,210 రూపాయలు. తెలంగాణలో 32,810–96,890, డీఏ, ఇంటద్దె అదనం. అక్కడే టైపిస్టు స్కేలు 24,280 దగ్గర మొదలవుతుంది. మూల వేతనంలోనే ఎనిమిదిన్నర వేల తేడా! డిగ్రీ చేసి ఉద్యోగం కోసం చూసే పిల్లలు ఈ లెక్క గమనించాలి. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో డి.సి.సి.పి. (డిప్లొమా ఇన్ కమర్షియల్ అండ్ కంప్యూటర్ ప్రాక్టీస్) చదివినవాళ్లకు షార్ట్‌హ్యాండ్ అప్పటికే చేతిలో ఉంటుంది; డిగ్రీ కలిస్తే సరి.

2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కృత్రిమ మేధతో వాదనలను అక్షరబద్ధం చేయడం మొదలుపెట్టింది. మంచిదే. అయితే కింది కోర్టులో ముగ్గురు ఒకేసారి మాట్లాడతారు, సాక్షి తన ఊరి యాసలో చెబుతాడు, సర్వే నంబర్లూ ఇంటిపేర్లూ కలగలిసి వస్తాయి. అర్థం కానప్పుడు తలెత్తి ‘సర్, మళ్లీ ఒక్కసారి’ అని అడగగల మనిషి అక్కడ ఉండాలన్నదే నా వాదన.