పోకరు పోటీలలో నేర్పెంత, అదృష్టమెంత? – ఒక పరిశోధనపై విమర్శ

జూదము నుండి శాస్త్రము పుట్టిన సందర్భము ఒకటి గణిత చరిత్రలో ఉన్నది. 1654లో ఫ్రాన్సు దేశపు గణితవేత్తలు పాస్కల్, ఫెర్మాలు, మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెపు సొమ్మును ఆటగాళ్లు ఎట్లు పంచుకొనవలెను అనే చిక్కును గురించి ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొన్నారు. సంభావ్యతా శాస్త్రమునకు పునాది అక్కడ పడినది. ఆ తరువాత ఆ శాస్త్రము భీమా లెక్కలకు, వాయువుల సిద్ధాంతమునకు, పంటల ప్రయోగములకు పనికివచ్చినది. మన కాలములో అది మరల పేకముక్కల వద్దకు వచ్చినది. అయితే ప్రశ్న మారినది. ఒక ఆటగాడు గెలిచినప్పుడు ఆ గెలుపులో అతని నేర్పు ఎంత, అదృష్టము ఎంత అన్నది ఇప్పటి ప్రశ్న.

ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పుటకు షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ అనువారు 2011లో ఒక పరిశోధన పత్రమును వెలువరించినారు. పోకరు నేర్పుతో కూడిన ఆట అనుటకు బలమైన సాక్ష్యము దొరికినదని వారి తీర్పు. ఆ తీర్పు ఎంతవరకు నిలుచునో, దానినుండి ఏది తేలునో, ఏది తేలదో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా ఆటను గురించి రెండు మాటలు. ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్లపై విప్పుతారు. నడుమ నడుమ పందెములు సాగుతవి. 52 ముక్కలలో నుండి రెండింటిని 1,326 విధములుగా తీయవచ్చును. అందులో ఆసుల జత ఆరు విధములుగా మాత్రమే వస్తుంది. కనుక సగటున 221 పంపకములకు ఒకసారి మాత్రమే ఆ జత చేతికి వస్తుంది. ఏ ముక్కలు వచ్చునో ఆటగాని వశములో లేదు. ఎంత పందెము కట్టవలెను, ఎప్పుడు ముక్కలు పడవేసి తప్పుకొనవలెను, ఎప్పుడు లేని బలమును ఉన్నట్లు చూపి ఎదుటివానిని బెదరించవలెను అన్నవి అతని వశములో ఉన్నవి.

పెద్ద పోటీలలో అందరూ ఒకే ప్రవేశ రుసుము చెల్లించి, సమానమైన బిళ్లలతో మొదలుపెడతారు. బిళ్లలన్నీ పోయినవాడు పోటీనుండి తొలగిపోతాడు. చివరకు మిగిలిన ఒక్కడు విజేత. బహుమతి సొమ్ము పైస్థానములలో నిలిచిన కొద్దిమందికే అందుతుంది. అందులోను పెద్ద భాగము మొదటి కొద్ది స్థానములకే పోతుంది.

ఇట్టి పోటీలలో పేరుపొందినది అమెరికాలోని లాస్ వేగాస్‌లో 1970లో మొదలైన 'వరల్డ్ సీరీస్ ఆఫ్ పోకర్'. ప్రధాన పోటీకి ప్రవేశ రుసుము పదివేల డాలర్లు. పోటీదారులు తక్కువగా ఉన్న పాతకాలములో డోయిల్ బ్రన్సన్ 1976, 1977లలోను, జానీ చాన్ 1987, 1988లలోను వరుసగా గెలిచినారు. 2003లో 839 మంది పాల్గొనగా, క్రిస్ మనీమేకర్ అనే ఒక అకౌంటెంటు ఆరితేరిన వృత్తి ఆటగాళ్లను దాటి 25 లక్షల డాలర్లు గెలుచుకొన్నాడు. అది చూచి సామాన్యులు పోటీకి వెల్లువగా వచ్చినారు. 2006లో ఆ సంఖ్య 8,773కు చేరినది. 2003 నుండి 2025 వరకు ఒకే మనిషి ఆ ప్రధాన పోటీని రెండుసార్లు గెలిచినది లేదు. దీనిని చూపి, పెద్ద పోటీలలో నేర్పు పనిచేయదు, అంతయు అదృష్టమే అని పలువురు అంటారు. ఈ మాట నిజమా?

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. పోటీలో 1,024 మంది ఉన్నారనుకొందము. బిళ్లలన్నీ ఒకరి వద్దకు చేరవలెనంటే అతని బిళ్లలు పదిసార్లు రెట్టింపు కావలెను. ఏ నేర్పూ లేనివాడు ప్రతిసారి రెట్టింపు అగుటకు అవకాశము సగము. పదిసార్లు వరుసగా అగుటకు అవకాశము 1,024లో ఒకటి. నేర్పరికి ఆ అవకాశము నూటికి 50 బదులు 55 అనుకొందము. అప్పుడు పదిసార్లు నెగ్గుటకు అతని అవకాశము 395లో ఒకటి. అనగా సామాన్యుని కంటె రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ. ఇక పోటీదారులు 8,192 మంది అయితే పదమూడుసార్లు రెట్టింపు కావలెను. నేర్పరి అవకాశము ఇప్పుడు 2,373లో ఒకటి. సామాన్యునితో పోల్చినచో ఇది దాదాపు మూడున్నర రెట్లు.

ఈ లెక్కలోని వింతను విద్యార్థులు గమనించవలెను. పోటీ పెద్దదైనకొలది సామాన్యుని కంటె నేర్పరికిగల ఆధిక్యము పెరిగినది. అదే సమయమున అతడు గెలుచు అవకాశము మాత్రము బాగా తగ్గిపోయినది. 2,373లో ఒక వంతు అవకాశము గలవాడు ఏటేటా నలభై సంవత్సరములు ఆడినను, ఒక్కసారియైన గెలుచు సంభావ్యత నూటికి రెండు కూడా లేదు. కనుక ఒకే పేరు రెండుసార్లు కనబడకపోవుట నేర్పు లేదనుటకు సాక్ష్యము కాదు. నేర్పు ఉన్నను అట్లే జరుగును. మరొక విషయము. ఆ 8,192 మందిలో పదవ వంతు, అనగా 819 మంది ఇట్టి నేర్పరులైతే, వారిలో ఎవరో ఒకరు గెలుచుటకు అవకాశము మూడింట ఒక వంతు కంటె కొంచెము ఎక్కువ. ఆ గెలిచేది ఫలానావాడు అని చెప్పుటకు మాత్రము వీలులేదు. నేర్పు గుంపులో కనబడుతుంది. ఒక్కని జీవితములో దాగిపోతుంది.

ఇప్పుడు లెవిట్, మైల్స్‌ల పత్రమునకు వద్దాము. వారు 2010 నాటి ఆ పోటీల ఫలితములన్నిటిని తీసికొన్నారు. పోటీలు మొదలు కాకముందే నిపుణులుగా గుర్తింపు పొందిన వారిని ఒక వర్గముగా, మిగిలినవారిని మరొక వర్గముగా విడదీసినారు. నిపుణుల వర్గమునకు, పెట్టిన ప్రవేశ రుసుముపై సగటున నూటికి 30కి మించి లాభము వచ్చినది. తక్కినవారికి నూటికి 15 నష్టము వచ్చినది. ఒక నిపుణుని, ఒక సామాన్యుని జతగా తీసికొని ఎవరు ఎక్కువసేపు నిలిచినారో చూడగా, నిపుణుడు నూటికి సుమారు 55 సార్లు పైచేయిగా ఉన్నాడు.

ఈ పత్రములో మెచ్చుకొనదగిన గుణము నిపుణులను ముందుగా గుర్తించుట. దీని విలువ తెలియవలెనంటే దీనికి విరుద్ధమైన పద్ధతిని చూడవలెను. డాన్ హారింగ్టన్ అనే ఆటగాడు 2003లో 839 మందిలోను, 2004లో 2,576 మందిలోను చివరి తొమ్మండుగురిలో నిలిచినాడు. ఇది కేవలము అదృష్టముచేత జరుగుటకు అవకాశము సుమారు 26,700లో ఒకటి. చూడగానే ఇది నేర్పునకు తిరుగులేని సాక్ష్యమువలె తోచును. కాని హారింగ్టన్ పేరును మనము ఎప్పుడు ఎత్తినాము? ఫలితము తెలిసిన తరువాత. రెండు పోటీలలోను ఆడినవారు 500 మంది అనుకొంటే, వారిలో ఎవరో ఒకరికి ఇట్టి ఘనత యాదృచ్ఛికముగా దక్కుటకు అవకాశము నూటికి దాదాపు రెండు. ఆ ఒకడెవరైనను మనము అతనినే చూపి ఆశ్చర్యపడేవారము. బాణము వేసిన తరువాత దాని చుట్టు గురి గీసికొన్నట్టిది ఈ పద్ధతి. హారింగ్టన్ 1995లోనే ఇదే పోటీలో విజేత కనుక, అతని విషయములో నేర్పు ఉన్నదని నమ్ముటకు ఆధారము ముందే ఉన్నది. షికాగో పండితులు గురిని ముందు గీచి, బాణములను తరువాత లెక్కించినారు.

ఇక పత్రములోని లోపము. నూటికి 30 లాభము అన్నది ఒక వర్గపు సగటు. ప్రతి నిపుణునికి అంత లాభము వచ్చునని దాని అర్థము కాదు. కొద్దిమంది పెద్ద బహుమతులు పొందగా, పలువురు నష్టపోయినను సగటు అంతే ఉండవచ్చును. దీనిని కూడ లెక్కతో చూద్దాము. నూరుగురు ఆడే పోటీలో మొత్తము సొమ్ము, అనగా నూరు రుసుములు, విజేతకే పోవుననుకొందము. నిపుణునికి 30 లాభము, సామాన్యునికి 15 నష్టము సగటున రావలెనంటే వారి గెలుపు అవకాశములు నూటికి 1.30, 0.85 ఉండవలెను. ఇట్టి పోటీలు ఒక్కొక్కరు నూరు ఆడినారనుకొనుడు. నిపుణులలో నూటికి 27 మంది ఒక్కసారి కూడ గెలువరు. నూరు రుసుములును నీటిలో పోసినట్లే. సామాన్యులలో నూటికి 57 మంది కనీసము ఒకసారి గెలుస్తారు! ఈ రెండు వర్గముల నుండి ఒక్కొక్కరిని తెచ్చి ఎదుట నిలిపితే, ఎవరు నిపుణుడో గెలుపులను బట్టి చెప్పగలమా?

నిపుణుని సగటు లాభము, దాని ప్రామాణిక విచలనముతో సమానమగుటకే ఇట్టి పోటీలు సుమారు 1,430 ఆడవలెను. దినమునకొకటి చొప్పున ఆడినను నాలుగు సంవత్సరముల పని ఇది. లాభము విచలనమునకు రెట్టింపు కావలెనంటే 5,700 పోటీలు కావలెను. నిజమైన పోటీలలో బహుమతులు కొంతమేర పంచబడును గనుక హెచ్చుతగ్గులు కొంత తగ్గును; పోటీదారులు వేలలో ఉందురు గనుక మరల పెరుగును. వృత్తి ఆటగాళ్లు తమ రాబోవు గెలుపులో వాటాలను ముందే ఇతరులకు అమ్ముకొనుట ఆ లోకములో వాడుక. నేర్పుపై నమ్మకము ఉన్నను ఒక్క పోటీపై నమ్మకము లేదని ఆ వాడుకయే చెప్పుచున్నది. షికాగో పత్రము ఈ హెచ్చుతగ్గులకంటె సగటునకు ఎక్కువ ప్రాధాన్యము ఇచ్చినది. ప్రయాణము, బస ఖర్చులు కూడ ఆ నూటికి 30లో నుండి తీసివేయవలసినవే.

దీనికి ఎదురుగా జర్మనీలో గెర్హార్డ్ మేయర్, ఆయన సహచరులు చేసిన ప్రయోగము ఒకటి 2012లో వెలువడినది. 300 మందిని కూర్చుండబెట్టి, మంచి ముక్కలు, మధ్యరకపు ముక్కలు, చెడ్డ ముక్కలు ఎవరికి పోవలెనో ముందే ఏర్పరచి, 60 పంపకములు ఆడించినారు. తుది ఫలితమును ముక్కలే నిర్ణయించినవని, నిపుణులు చెడ్డ ముక్కలు వచ్చినప్పుడు నష్టమును తగ్గించుకొనుటలో మాత్రము మెరుగుగా ఉన్నారని తేలినది. దానినిబట్టి పోకరు అదృష్టపు ఆటయే అని వారు తీర్మానించినారు. ఇక్కడను అదే పొరపాటు, మరొక దిక్కునుండి. 60 పంపకములు ఒక పూట ఆటకు కూడ చాలవు. అంత స్వల్ప కాలములో నేర్పు కనబడకపోవుట సహజము.

నేర్పును నిజముగా కొలువదలచినవారు ఏమి చేసినారో చూడుడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో టూమస్ శాండ్‌హోమ్, నోయమ్ బ్రౌన్‌లు నిర్మించిన 'లిబ్రేటస్' అనే కంప్యూటర్ ప్రోగ్రాము 2017 జనవరిలో నలుగురు వృత్తి ఆటగాళ్లతో తలపడినది. ఆడిన పంపకములు 1,20,000. జర్మను ప్రయోగమునకు రెండువేల రెట్లు. అంతేకాక, ఒక ఆటగానికి వచ్చిన ముక్కలే మరొక బల్లవద్ద కంప్యూటరుకు వచ్చునట్లు ఏర్పాటు చేసి అదృష్టము పాలును తగ్గించినారు. అప్పుడు గాని కంప్యూటరు గెలుపు నేర్పువలననే అని ధైర్యముగా చెప్పుటకు వీలుకాలేదు.

కనుక 'పోకరు నేర్పు ఆటయా, అదృష్టపు ఆటయా?' అన్న ప్రశ్నయే అసంపూర్ణము. ఎన్ని ఆటలలో, ఎంతమంది నడుమ అని చేర్చినప్పుడే దానికి అర్థము వచ్చును. ఒక పంపకములో అదృష్టమే రాజు. లక్ష పంపకములలో నేర్పు నిలుచును. వేలమంది పాల్గొనే ఒక్క పోటీ ఈ రెండింటి నడుమ, అదృష్టమునకు చాల దగ్గరగా ఉన్నది.

ఈ వివేచన మన ప్రాంతమునకు దూరమైనది కాదు. రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పినది సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యములోనే. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెను, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో తెలియవలెను అన్నది కారణము. చట్టము దృష్టిలో అది సమంజసమైన విభజన కావచ్చును. కాని ఇంటర్నెట్టులో పందెపు ఆటలు వచ్చిన తరువాత 'ఇది నేర్పు ఆట' అన్న మాటను జనులు 'కనుక నేను గెలుతును' అని అర్థము చేసికొన్నారు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఇట్టి ఆటలపై నిషేధపు చట్టములు తెచ్చినవి. 2025లో పార్లమెంటు, నేర్పు అదృష్టము అనే భేదము పాటింపక, ఇంటర్నెట్టులో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటిని నిషేధించు చట్టము చేసినది. నేర్పు ఆట అన్నంతమాత్రాన అందరికీ లాభము రాదు. నేర్పు ఉన్న ఆటలో నేర్పులేనివాని సొమ్ము నేర్పరికి పోవును. షికాగో పత్రము వెల్లడించిన నూటికి 15 నష్టము అదియే. నిపుణుల 30ని చూచి ఉత్సాహపడిన యువకుడు తాను ఏ వర్గమునకు చెందినవాడో ముందు అడిగికొనవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. 32 మంది విద్యార్థులను జతలుగా నిలిపి నాణెము ఎగురవేయించండి. ఓడినవారు కూర్చుండగా, ఐదు వరుసలు ముగియునప్పటికి ఒక విజేత తప్పక మిగులును. అతనిని 'నీ గెలుపు రహస్యమేమి?' అని తరగతి ఎదుట అడుగుడు. తరువాత ఒక సంచిలో 20 చీటీలు వేసి, 11 చీటీలపై గెలుపు, 9 చీటీలపై ఓటమి అని వ్రాసి, ఒక విద్యార్థికి నాణెము బదులు ఈ చీటీలను ఇచ్చి పోటీని పలుమార్లు జరిపించండి. ప్రతిసారి తీసిన చీటీని మరల సంచిలో వేయవలెను. ఆ 'నిపుణుడు' పలుమార్లు మొదటి వరుసలోనే ఓడిపోవుట పిల్లలు కన్నులార చూతురు. అతని ఆధిక్యము బయటపడుటకు ఎన్ని పోటీలు కావలసివచ్చినవో నల్లబల్లపై వ్రాసి ఉంచండి. ఒక్క పరీక్ష మార్కులను బట్టి, ఒక్క క్రికెట్ మ్యాచిని బట్టి మనిషి శక్తిని తీర్మానించవచ్చునా అన్న చర్చకు ఆ సంఖ్య మంచి ఆరంభము కాగలదు.