తలల లెక్కకు అందని మనిషి

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అదే సర్దుబాటులో మా శోళవరం ఉన్న పొన్నేరి తాలూకా నుంచి, పక్కనున్న తిరువళ్లూరు తాలూకా నుంచి సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. రెండు రాష్ట్రాల హద్దు తగవును తీర్చిన పటాస్కర్ సూత్రం గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, ఏ భాషవాళ్లు ఎక్కువో చూసి హద్దు తేల్చింది. హద్దు గీయడానికి అంతకన్నా న్యాయమైన దారి నాకు తోచదు. అయితే ఆ లెక్క చెప్పగలిగింది అంతవరకే. తక్కువ సంఖ్యలో పడ్డ ఇంటి మనిషి ఆలోచన గురించి, మంచిచెడ్డల గురించి దానికి ఏమీ తెలియదు. పాలన కోసం వేసిన ఆ లెక్కను నీతిలోకి తెచ్చుకుంటేనే చిక్కు. మనవాడు అన్నాడు కాబట్టి ఒప్పు, పరాయివాడు అన్నాడు కాబట్టి తప్పు అనే అలవాటు అక్కడ మొదలవుతుంది. కులమైనా, పార్టీ అయినా, భాష అయినా గుంపుకు సొంత బుర్ర లేదు. ఆలోచించేది ఒక్కొక్క మనిషే. హేతుబద్ధమైన వ్యక్తివాదానికి పునాది ఈ నిజమే.

దీన్ని నేను సిద్ధాంతంగా కన్నా రోజువారీ సాధనగా చూస్తాను. నమ్మే ప్రతిదానికీ కారణం వెతుక్కోవడం, దొరక్కపోతే వదులుకోవడం, ఎదుటివాడి కారణం బలమైనదైతే ఒప్పుకోవడం. రాజకీయ నాయకుడు, ఆలోచనాపరుడు ఎం.ఎన్. రాయ్ 1946లో ప్రకటించిన 22 సూత్రాల సారం ఇదే: సమాజం ముందుకు పోయిందా లేదా అన్నది అందులోని వ్యక్తికి దక్కిన స్వేచ్ఛను బట్టి కొలవాలి. రెండేళ్లకు ఆయన తన పార్టీనే రద్దు చేసి, మనుషులను ఆలోచింపజేసే ఉద్యమంగా మార్చారు. వ్యక్తివాదమంటే స్వార్థమే కదా అని చాలామంది అంటారు. నాస్తిక ఉద్యమకారుడు గోరా జీవితం దానికి జవాబు. దేవుడి మీద తన అభిప్రాయాన్ని దాచుకోనందుకు కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, అంటరానితనం మీద బతుకంతా పోరాడారు. కులం ఇచ్చిన గౌరవం తనకు చెల్లదని బుద్ధితో తేల్చుకున్న మనిషికి, కులం చేసిన అవమానం ఎదుటివాడికీ చెల్లదని తెలుస్తుంది. స్వార్థపరుడు తనకొక్కడికే మినహాయింపు కోరతాడు. హేతువాది అలా కోరలేడు, ఎందుకంటే కారణమన్నది అందరికీ ఒక్కటే.

మరో అభ్యంతరం ఇంకా బరువైనది. మనిషి ఒంటరిగా పుట్టడు, భాషను ఒంటరిగా నేర్వడు, చెరువును ఒంటరిగా తవ్వలేడు. నిజమే. శోళవరం చెరువు ఎవరి సొంతమూ కాదు, చెన్నై మహానగరం ఆ నీళ్లు తాగుతుంది. కానీ ఉమ్మడి ఆస్తి ఉందంటే దాన్ని పంచుకునే నియమం ఉండాలి, ఆ నియమం ఎందుకలా ఉందని అడిగే హక్కు ప్రతి ఒక్కరికీ ఉండాలి. ప్రజాహితం అన్నప్పుడు ఏ ప్రజలు, ఎవరి హితం అని ఎవరూ అడగకపోతే, బలవంతుడి హితమే ప్రజాహితంగా చెలామణీ అవుతుంది.

సొంత బుద్ధితో బతకాలా, గుంపు కొలతతోనా అనే ప్రశ్న కళలో ఇంకో రూపంలో వస్తుంది. అయన్ రాండ్ 1943లో వచ్చిన ‘ఫౌంటెన్‌హెడ్’ నవలలో లోకానికి తలవంచని వాస్తుశిల్పిని నిలబెట్టింది. మనిషి ఎలా ఉండాలో చూపడమే కళ పని అని ఆమె వాదన. రాయ్ బాటలో నడిచిన గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ నవలలో దానికి పూర్తిగా ఎదురు మనిషిని చూపించాడు. ఆ కథానాయకుడు సీతారామారావు వంశప్రతిష్ఠ కోసం ఆస్తి కరిగించుకుని, ఆ ప్రతిష్ఠ చెదిరాక తెలివినంతా తన పతనానికి సాకులు వెతకడానికే వాడతాడు. నాకు గోపీచంద్ దారే లోతుగా కనిపిస్తుంది. ఇతరుల కొలతలతో బతికినవాడు ఎలా కూలతాడో తెలిస్తే, సొంత కొలత ఎందుకు కావాలో పాఠకుడే తేల్చుకుంటాడు. రచయిత పాఠకుడి బుద్ధికి ఇవ్వగల గౌరవం అది.

ఈ హేతుబద్ధమైన వ్యక్తివాదం మా సరిహద్దు తెలుగువాళ్లకు ఎవరికన్నా ఎక్కువ అవసరం. సంఖ్యాబలం చూపి హక్కు అడిగితే, సంఖ్య తగ్గిన నాడు హక్కూ పోతుంది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలంటుంది. ఆ హక్కుకు ఆధారం గుంపు పరువులో కాదు, అర్థమయ్యే భాషలో ఆలోచించడం నేర్చుకోవాల్సిన ఆ బిడ్డలో ఉంది. తెలుగు కోసం మనం అలాగే అడగాలి. అదే కారణంతో హద్దుకు అటువైపు ఒక తమిళ బిడ్డ అడిగినా మనమే ముందు నిలబడాలి.