తక్కెడ దాగిన మాట

వేంపల్లెలో శెనక్కాయల మూట తక్కెడకెక్కిందంటే అందరి కళ్లూ ముల్లు మీదే. అది అటూ ఇటూ ఊగి నిలిచేదాకా ఎవరూ లెక్క చెప్పరు. ఇంగ్లీషులో ‘డెలిబరేట్’ అనే మాట కనబడినప్పుడల్లా నాకు ఆ ముల్లే గుర్తొస్తుంది. దాని వేరు లాటిన్‌లోని ‘లిబ్రా’. అంటే తక్కెడే.

ఆ తక్కెడను చివరిదాకా వదలకపోవడంలోనే ఈ మాట పనితనమంతా ఉంది. క్రియగా పలికితే చివర ‘రేట్’ అని సాగుతుంది. అప్పుడు నలుగురు కూర్చుని మంచిచెడ్డలు తూచడమని అర్థం. రచ్చకట్ట మీద పెద్దమనుషులు చేసేదీ, తలుపులు మూసుకుని జ్యూరీ చేసేదీ అదే. విశేషణమైతే చివర ‘రిట్’ అని కురచబడుతుంది, అర్థం మాత్రం రెండుగా చీలుతుంది. నడకకో మాటకో ముందు పెడితే ‘నిదానమైన’ అని: ముల్లు నిలిచేదాకా ఆగినవాడి తీరు. తప్పుకు ముందు పెడితే ‘కావాలని చేసిన’ అని: తూచి, తెలిసే చేశాడు కాబట్టి మన్నించడం కష్టం. మెప్పుకూ నిందకూ తక్కెడ ఒకటే.

తెలుగులో ఇంత పనీ చేసే మాట ఒక్కటి దొరకదు. మన మాటల దారులు వేరు. ఆలోచనలో చూపు ఉంది, లోచనానికి చుట్టం కదా. విచారంలో దర్యాప్తూ ఉంది, దుఃఖమూ ఉంది. మావైపు ‘బాగా యోచన చేసి చెప్పప్పా’ అంటారు. ‘ఆచితూచి’ దగ్గరికొచ్చేసరికి మాత్రం లాటిన్ తక్కెడ మన చేతికీ తగులుతుంది.

ఇలాంటి మాటలకు జోడీలు వెతికే పని పెట్టుకున్నవాడు మా జిల్లాకే వచ్చాడు. 1820లో కడప చేరిన సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టుకున్నాడు, తాళపత్ర ప్రతులు పక్కపక్కన పరచి పాఠాలు పోల్చాడు. కావ్యాల మాటతోపాటు బజారు మాటకూ చెవి ఒగ్గాడు. ఆయన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు అచ్చయింది 1852లో. కడపలో కాలుపెట్టిన నాటికీ ఆ అచ్చుకీ నడుమ 32 ఏళ్లు. ముల్లు నిలవడానికి అంతకాలం పట్టింది.