సెలవు తర్వాత ఏడాది

వార్షిక నివేదిక చేతికొస్తే నేను ముందు వెతికేది మనుషుల పేజీ. హెచ్ఆర్ పనిలో ఉన్నందుకు పట్టుకున్న అలవాటు ఇది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి ఏటా సుస్థిరత నివేదిక ఇచ్చి తీరాలన్నది సెబీ నిబంధన. బీఆర్ఎస్ఆర్ అంటాం. కరెంటు, నీళ్ళు, చెత్త లెక్కలతో పాటు ఎంతమంది మానేశారో, ఎంతమంది పనిలో గాయపడ్డారో కూడా అందులో చెప్పాలి. ఆవరణలో ఇంకుడు గుంతలు తవ్వి ఫొటోలు వేసుకునే సంస్థ మనుషుల్ని మాత్రం బోరు తోడినట్టు తోడేస్తుంటే, ఆ సంగతి బయటపడేది ఈ పేజీలోనే.

అందులో ఒక ప్రశ్న నాకు చాలా ఇష్టం. బిడ్డ పుట్టినప్పుడు సెలవు తీసుకున్నవాళ్ళలో ఎందరు తిరిగొచ్చారు, వచ్చినవాళ్ళలో ఏడాది తర్వాత ఎందరు మిగిలారు? 2017 నాటి చట్ట సవరణతో ప్రసూతి సెలవు, మొదటి ఇద్దరు పిల్లలకు, 26 వారాలైంది. 50 మంది ఉద్యోగులున్న చోట క్రెష్ తప్పనిసరి అయింది. సెలవు అయ్యాక చేరడం చాలామంది చేరతారు. కష్టాలన్నీ ఆ తర్వాతే. క్రెష్ ఆరింటికి మూసేస్తారు, అమెరికా వాళ్ళతో కాల్ ఏడింటికి మొదలవుతుంది. సెలవులో ఉన్న ఏడాదికి అప్రైజల్‌లో రేటింగ్ తగ్గుతుంది. కొన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చి, చివరికి పేపర్ పెట్టేస్తారు. ఎగ్జిట్ ఫారంలో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాస్తారు. ఆ కారణం కాల్ టైమా, మేనేజరా, ఇంటి దూరమా అని పేపర్ పెట్టకముందే కనుక్కోగలగడమే మా వృత్తిలో అసలు నేర్పని నమ్ముతాను. కాల్ వేళ మార్చినంత మాత్రాన ఉండిపోయినవాళ్ళను చూశాను.

2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ రోజు పనిగంటల పరిమితిని పదికి పెంచాయి. ట్రాఫిక్‌లో గడిచే సమయం కూడా కలిపితే పసిబిడ్డ తల్లికి రోజులో ఏం మిగులుతుందో సులువుగానే లెక్కేయొచ్చు.

బీఆర్ఎస్ఆర్‌లో నన్ను బాధపెట్టే లోటు ఒకటుంది. మానేసినవాళ్ళ శాతాన్ని పర్మనెంట్ ఉద్యోగులకే అడుగుతారు. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్ వాళ్ళు ఎందరున్నారో చెబితే చాలు, ఎందరు వెళ్ళిపోయారో చెప్పక్కర్లేదు. సెబీ అడగకపోయినా ఈ లెక్క తీయాలి. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కాంట్రాక్టరు బిల్లుతో పాటు పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు, వాటి పేర్ల జాబితాలు నెలనెలా మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఏప్రిల్ జాబితాలో ఉన్న పేర్లలో మార్చి జాబితాకి ఎన్ని మిగిలాయో టిక్కు పెట్టుకుంటూ పోతే ఒక పూట పని.