శిల్పం, రేఖ, శ్రమ: శీలా వీర్రాజు కృషిపై కొన్ని ఆలోచనలు

మన విమర్శలో ఒక అలవాటు పాతుకుపోయింది. పుస్తకాన్ని సమీక్షిస్తూ వస్తువు గురించి నాలుగు పేజీలు, శిల్పం గురించి ఒక పేజీ రాస్తాం. చివర "ముఖచిత్రం అర్థవంతంగా ఉంది" అని ముగిస్తాం. ఆ అర్థమేమిటో మాత్రం చెప్పం. బొమ్మ గీయడమూ శ్రమేనని, ఆ శ్రమకూ ఒక దృక్పథం ఉంటుందని ఒప్పుకోవలసిన అభ్యుదయ విమర్శ కూడా ఈ విషయంలో సంప్రదాయ విమర్శ దారినే నడిచింది. శీలా వీర్రాజును చదివిన తీరే ఇందుకు నిదర్శనం.

వీర్రాజు (1939–2022) రాజమండ్రిలో పుట్టారు. దామెర్ల రామారావు సంప్రదాయాన్ని నిలబెట్టిన వరదా వెంకటరత్నం వద్ద చిత్రకళ నేర్చుకున్నారు. 1960ల ఆరంభంలో కృష్ణాపత్రికలో ఉపసంపాదకులుగా పనిచేసి, తర్వాత రాష్ట్ర సమాచార శాఖలో అనువాదకులుగా చేరారు. 'మైనా' నవల, 'కొడిగట్టిన సూర్యుడు' కవితా సంపుటి, కథలు, వ్యాసాలు రాశారు. కుందుర్తి ఆంజనేయులు ఫ్రీవర్స్ ఫ్రంట్‌తో కలిసి నడిచారు. వీటన్నిటితో పాటు ఎందరో కవుల, కథకుల పుస్తకాలకు ముఖచిత్రాలు గీశారు. ఒక వ్యాస సంపుటికి ఆయన పెట్టిన పేరు 'కలానికి ఇటూ అటూ'. మన విమర్శ మాత్రం కలానికి ఒక్క వైపే నిలబడి ఆయన్ని చూసింది. కవి వీర్రాజు ఒకరు, చిత్రకారుడు వీర్రాజు మరొకరు అన్నట్లు రెండు ఖాతాలు తెరిచింది.

ముఖచిత్రకారుడు చేసే పని ఏమిటో ముందు తేల్చుకోవాలి. అచ్చుకాక ముందే రాతప్రతిని చదివేవారిలో అతడొకడు. అందులోంచి ఒక్క అంశాన్ని ఎంచుకుని, తక్కినవాటిని వదిలేస్తాడు. ఈ ఎంపికే విమర్శ. పైగా లెటర్‌ప్రెస్ రోజుల్లో ఒక్కో రంగుకు ఒక్కో బ్లాకు చేయించాలి. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే కవి రెండు రంగులకు మించి భరించలేడు. కనుక చిత్రకారుడు రేఖను, ఖాళీ జాగాను నమ్ముకోవలసి వచ్చింది. అచ్చు అక్షరాల్లో వైవిధ్యం తక్కువ కావడంతో పుస్తకం పేరునూ చేత్తోనే రాసేవారు. తలకట్టు ఎంత విప్పాలి, కిందికి దిగే వత్తుకు ఎంత చోటు వదలాలి అన్నవి కూడా ఆ పుస్తకం గొంతును నిర్ణయించే విషయాలే. అంటే ఆనాటి ముఖచిత్రాల పొదుపుకు మూలం చిత్రకారుడి అభిరుచి ఒక్కటే కాదు, కవి జేబు కూడా. రూపాన్ని భౌతిక పరిస్థితులు నిర్ణయిస్తాయని ఉపన్యాసాల్లో చెప్పే మనం, చేతిలో ఉన్న పుస్తకం అట్ట మీద ఆ సూత్రాన్ని చూడలేకపోయాం.

ఇక 'శిల్పరేఖ'. ఇది లేపాక్షి రేఖాచిత్రాల పుస్తకం. మా ప్రాంతం వారికి ఇది కేవలం కళాగ్రంథం కాదు. పదహారో శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో కట్టిన ఆ గుడి లతామండపం స్తంభాల మీది తీగలు, పూలు, పక్షులు ఈనాడు పట్టుచీరల అంచుల్లోకి, కొంగుల్లోకి నడిచివచ్చాయి. ఒకసారి మా బడి పిల్లలను లేపాక్షికి తీసుకెళ్లాను. నేతపని ఇంటి పిల్లవాడొకడు స్తంభం మీద చెయ్యిపెట్టి, "సార్, ఇది మా నాయన నేసే అంచే కదా" అన్నాడు. రాయి ముందా, చీర ముందా అన్న చరిత్ర వాడికి తెలియదు. కానీ ఆ రూపాన్ని వాడు పనిగా గుర్తుపట్టాడు. మనం అలంకారంగా చూస్తున్నాం. తేడా అక్కడుంది.

అలంకారమంటే అనుమానంగా చూడటం మనలో కొందరికి ఉంది. రాజులు, ఆలయాలు, లతలు; వీటితో శ్రామికవర్గానికి ఏం పని అని అడుగుతారు. ఆ గుడి కథల్లో ఖజానా అధికారి విరూపణ్ణ పేరు నిలిచింది. స్తంభం చెక్కినవాడి పేరు జనం నోట లేదు. అంతమాత్రాన ఆ తీగ విరూపణ్ణది అయిపోదు, ఉలి పట్టినవాడిదే. దాన్ని పాలకవర్గ కళ అని పక్కకు నెట్టేస్తే, పేరు పోయిన పనివాడికి పనిని కూడా లేకుండా చేసినవాళ్లమవుతాం. వీర్రాజు ఆ రూపాలను రాతి నుంచి కాగితం మీదికి తెచ్చి, గుడికి వెళ్లలేనివాడి చేతికి కూడా అందించారు. ఈ మేరకు 'శిల్పరేఖ'ది ప్రజాస్వామిక కృషి అనడంలో నాకు సందేహం లేదు.

అయితే ఆ కృషికి ఒక పరిమితి ఉంది. రేఖ రూపాన్ని పట్టుకుంటుంది, పనిని పట్టుకోదు. రాతిలో వంపు తిరిగిన తీగ మగ్గం మీద వంపు తిరగదు. గళ్ల కాగితం మీద ఒక్కో గడిగా మెట్లుమెట్లుగా విడిపోతుంది. ఆ గడులను చూసి జకార్డు అట్టలకు రంధ్రాలు గుద్దుతారు. ఏ పడుగు పోగు లేవాలో ఆ రంధ్రాలు చెబుతాయి. ఆ తర్వాతే నేతగాడి చెయ్యి. ఉలికీ మగ్గానికీ మధ్య ఇన్ని చేతులున్నాయి. ఈ నడకను వివరించే వచనం రేఖాచిత్రం పక్కన ఉండాలి. 'పడుగుపేకల మధ్య జీవితం' అని ఒక పుస్తకానికి పేరు పెట్టగలిగిన రచయితకు, కుంచె, కలం రెండూ వశమైనవాడికి, ఆ వచనం రాసే శక్తి పుష్కలంగా ఉంది. అటువంటి వచనం కావాలని ఆయన్ని అడగవలసిన విమర్శ మాత్రం అడగలేదు. లోపం అధికభాగం మనది.

ఇప్పుడు ఆయన లేరు, పని మిగిలింది. మన సమీక్షల్లో ముఖచిత్రానికి ఒక పేరా కేటాయించాలి. పొగడ్త కోసం కాదు, ఆ చిత్రకారుడు పుస్తకాన్ని ఎలా చదివాడో చర్చించడం కోసం. ధర్మవరం, హిందూపురం, సోమందేపల్లె మగ్గాల వెనుక గళ్ల కాగితం మీద బొమ్మ వేసేవాళ్లను, అట్టలు గుద్దేవాళ్లను సాహిత్య విద్యార్థులు కలవాలి. వాళ్ల పనిమాటలను వాళ్ల పేర్లతో సహా రాసిపెట్టాలి. లేపాక్షి శిల్పి పేరు మనకు దక్కలేదు. మన కాలపు శిల్పుల పేర్లు కూడా దక్కకుండా పోతే ఆ తప్పును చరిత్ర మీదికి నెట్టలేం.