జరద్గవ కథ – కూనల మొఱ

హితోపదేశము మిత్రలాభమునందలి జరద్గవ కథ తెలియని చదువరులు మనలో అరుదు. పరవస్తు చిన్నయసూరి 1853 లో నీతిచంద్రికను వెలువరించినది మొదలు మిత్రలాభ కథలు తెలుగు బడులలో నీతిపాఠములై నిలిచినవి. జరద్గవ కథకు మనము చెప్పికొను నీతి యొక్కటే: కులశీలము లెఱుగనివానికి ఇంట చోటీయరాదు. ఇది కథలో సగమే. పిల్లల క్షేమమునకు ముఖ్యమైన రెండవ సగము మన వ్యాఖ్యానములలో మఱుగుపడినది.

కథను మరల చూడుడు. ఒక మహావృక్షముపై నివసించు పక్షులు, కన్నులును గోళ్లును పోయిన ముసలి గ్రద్దకు దయతో తిండి పెట్టుచు, తమ కూనలను దానికి అప్పగించినవి. పిల్లి వచ్చుట చూచి కూనలు భయపడి అఱచినవి. జరద్గవము విని, ఎవరని గద్దించినది. అంతవరకు అన్నియు సరిగనే జరిగినవి. పిమ్మట పిల్లి తన స్నానవ్రతములను, అహింసాదీక్షను, ధర్మశ్రవణాసక్తిని ఏకరువు పెట్టినది. గ్రద్ద నమ్మి, కూనల అఱపు మఱచినది. దినములు గడచిన కొలది ఒక్కొక్క కూన తొఱ్ఱలోనికి పోయినది. తుదకు పిల్లి తప్పించుకొనెను. ఎముకలు చూచిన పక్షులు కాపరిని చంపినవి.

కూనలకు "వద్దు" అనుట రాక కాదు. తమ భాషలో అవి చెప్పినవి. వినినది వాని భయముకంటె పిల్లి వాక్చాతుర్యమునకు ఎక్కువ విలువ యిచ్చినది. మఱియొకటి: కూనలను తినునాటికి పిల్లి అపరిచితము కాదు, ఆ చెట్టునందే కాపురమున్న అతిథి. కేంద్రప్రభుత్వ స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007 లో వెలువరించిన అధ్యయనము 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించినది. లైంగిక దౌర్జన్యము చేసినవారిలో సగముమంది పిల్ల లెఱిగినవారో, నమ్మినవారో అనియు, పెక్కుమంది పిల్లలు ఆ మాట ఎవరికిని చెప్పలేదనియు అది తెలిపినది. కొత్తవానిని నమ్మకుము అను నీతి యొక్కటే చాలదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

నిజామాబాదు పట్టణమునను, బోధను చెఱకు పల్లెలలోను పిల్లలకు కాపరిని కుదుర్చుట పెక్కు ఇండ్లకు తప్పని పని. తండ్రి గల్ఫు దేశమున నుండును. తల్లి బీడీలు చుట్టుచునో, పొలమునకు పోయియో ప్రొద్దు గడపును. పిల్లలు పొరుగింటనో, బంధువుల చెంతనో ఉందురు. వీరిలో పెక్కుమంది సజ్జనులే. కాని "మామ చెప్పినట్లు విను" అని పోవు తల్లి, మామ చెప్పరానిది చెప్పినయెడల ఏమి చేయవలయునో కూడ చెప్పి పోవుచున్నదా?

నేర్పవలసినది కొంచెమే. నీ యొడలు నీది. లోదుస్తులు కప్పుచోట్లను ఎవరును ముట్టరాదు; వైద్యుడు చూచునప్పుడు అమ్మయో నాన్నయో దగ్గర నుండవలయును. నచ్చని తాకిడికి "వద్దు" అని గట్టిగా చెప్పి, నలుగురున్న చోటికి పోయి, నమ్మినవారికి చెప్పుము. ఒకరు నమ్మకున్న మఱియొకరికి చెప్పుము. "ఎవరికిని చెప్పకు" అనువాని రహస్యమును దాచకుము. 1098 అను సంఖ్యను కంఠస్థము చేయింపవచ్చును. భయముచే నోరు పెగలకున్న అది బిడ్డ తప్పు కాదని కూడ ముందే చెప్పవలయును. బంగారు కంకణము చూపిన ముసలిపులి కథలో బాటసారి యాశను నిందించు నీతి పెద్దలకు చెల్లును. మిఠాయి పుచ్చుకొన్న అయిదేండ్ల బిడ్డకు చెల్లదు.

ఇట్లు నేర్పిన పిల్లలు పెద్దలను ధిక్కరింతురని కొందఱందురు. ప్రహ్లాదుడు తండ్రియెడ వినయము విడువకయే కాదనెను. భక్తివిషయమున మనము మెచ్చు ఆ ధైర్యమును దేహరక్షణ విషయమున ఏల కూడదనవలయును? ఇష్టము లేని బిడ్డను చుట్టముల ఒడిలో బలిమిని కూర్చుండబెట్టు ఇంట, "వద్దు" అను మాట పాఠమునకే మిగులును.

2012 నాటి పోక్సో చట్టము, ఇట్టి నేరము నెఱిగినవారెవరైనను అధికారులకు తెలుపవలెనని విధించినది. కావున ఈ కథ చెప్పునప్పుడు పిల్లలనే గాక తల్లిదండ్రులను కూడ ఒక ప్రశ్న యడుగుదము: కూనలు అఱచిననాడు జరద్గవము ఎవరి మాట నమ్మవలసియుండెను?