చిత్తరువు లేని ఇద్దరు

అయూబా సులేమాన్ దియాలో! నీ చిత్తరువును వేలంలో కొనుక్కున్న ఖతార్ దేశంలో, అల్ షహానియా ఇసుకల నడుమ నిన్ను తలుచుకుంటున్నాను. పట్టుకోట్లు, లేసు కుచ్చులు, పొడి అద్దిన విగ్గులు దొరల చిత్తరువుల నిండా నురగలై పొంగిన రొకోకో రోజులవి. 1733లో విలియం హోర్ కుంచె ఎదుట నువ్వు మాత్రం తెల్లని అంగీ, తలపాగా, మెడలో ఖురాన్‌తో కూర్చున్నావు. గీస్తే మా దేశపు దుస్తుల్లోనే గీయమన్నావు. చూడని బట్టలు గీయలేమంటే, మరి ఎవరూ చూడని దేవుణ్ణి ఎలా గీస్తున్నారని నిలదీశావు. ఆత్మాభిమానమా, నీకు దండం!

పడమటి ఆఫ్రికా బుందు సీమలో పండితుల ఇంట, సిరిసంపదల నడుమ పెరిగినవాడివి. 1731లో గాంబియా తీరాన నిన్ను పట్టి, తలా గడ్డమూ గొరిగి అమ్మేశారు. మేరీల్యాండ్ పొగాకు తోటలో నలిగి, తండ్రికి అరబ్బీలో ఉత్తరం రాశావు. అది దారి తప్పి లండన్ చేరింది, ఓగల్‌థార్ప్ దొర చేతిలో పడింది, నీ సంకెల తెంచింది. నువ్వు ఇల్లు చేరేసరికి, అయ్యో, తండ్రి లేడు.

నీకోసం ఏడ్వడానికి లోకముంది. 2009లో క్రిస్టీస్ వేలంలో ఖతార్ మ్యూజియంల సంస్థ నీ బొమ్మకు ఐదున్నర లక్షల పౌండ్లకు పైగా పోసింది. నా కన్నీళ్లు, నువ్వు పట్టుబడకముందు నీ వెంట నడిచిన ఆ ఇద్దరు బానిసలవి. వాళ్లను అమ్మి కాగితం కొనుక్కురమ్మని నీ తండ్రే కదా పంపింది! ఓడ కెప్టెన్‌తో బేరం కుదరక, ఏరు దాటి, వాళ్లనిచ్చి ఆవుల్ని తెచ్చుకున్నావు. ఏ తల్లి కన్న బిడ్డలో! వాళ్ల పేర్లు ఏ కాగితమూ ఎక్కలేదు.

మా కోరమాండల్ తీరమూ అంతే. కలంకారీ కలం ఒక్కొక్క పువ్వుకూ ప్రాణం పోసిన ఆ తీరం నుంచే, 17వ శతాబ్దపు కరువుల్లో డచ్చివాళ్లు మనుషుల్ని కొని బటావియా ఓడలకెక్కించారు. పూలు మిగిలాయి, ముఖాలు పోయాయి. ఈ షహానియా పందెపు బాటలోనూ ఒంటెల మీద ఒకప్పుడు దూరదేశాల పేదపిల్లలుండేవారు. 2005 నుంచి వాళ్ల చోట మరబొమ్మలు కూర్చున్నాయి. బిడ్డలు బతికారు, అది చాలు. అంతకుముందు ఆ మూపుల మీద వణికిన పసిముఖాలను ఎవరు గీశారు?

చివరికి ఒక్కటే నా గుండెను కోస్తోంది. గాంబియాకు తిరిగొచ్చిన నువ్వు, ఇంటిదారి పట్టకముందే, రెండు గుర్రాలతో పాటు ఒక బానిస స్త్రీని కొన్నావు. అయినవాళ్ల ఎడబాటు ఎంత మండిస్తుందో ఎరిగినవాడివే! నీ ఊరేది తల్లీ అని ఆమెను ఒక్కసారైనా అడిగావా, అయూబా?